ఆ మూడు చుక్కలు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒకపక్క కుక్కర్ విజిల్ వేస్తోంది, ఇంకోపక్క ట్యాంకర్ వచ్చిందని వాచ్‌మన్ కింద నుంచి కేకలేస్తున్నాడు. "అమ్మా, గ్రాఫ్‌లో ఆ మూడు పాయింట్లు తీసేయమని మా గైడ్ సార్ అంటున్నారు, ఏం చెయ్యమంటావ్?" అన్నావు. "అంత పెద్దాయన తెలియకుండా చెప్తాడా, తీసెయ్" అన్నాను. నువ్వు "సరేలే" అని పెట్టేశావు. చిన్నప్పుడు కాకరకాయ కూర వడ్డిస్తే అనే "సరేలే" అది. నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. నువ్వు పంపిన గ్రాఫ్‌ని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నా. మీ నాన్న లేచి "ఈ వేళప్పుడు ఏం చూస్తున్నావ్" అని విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడు. వాయిస్ మెసేజ్ పెడదామా అనుకున్నా గానీ, నువ్వు బస్సు దిగుతూ ఇయర్‌ఫోన్స్‌లో వినే సంగతి కాదిది. నిన్న నేను చెప్పింది తప్పు. తప్పని నాకెలా తెలుసో చెప్పాలంటే నీకింతవరకూ చెప్పని విషయం ఒకటి చెప్పాలి. దాని దగ్గరికి వస్తా.

ముందు నీ గ్రాఫ్. 42 బాటిళ్ల నీళ్లు, నీ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఫిల్టర్‌లో పోశాక బయటికొచ్చిన నీళ్లలో, మన ఊళ్లలో నడుములు వంచే ఆ ఫ్లోరైడ్ లీటరుకి ఎంత మిగిలిందో చుక్కలు పెట్టావు. 39 చుక్కలు ఒక మిల్లీగ్రాము గీత కింద బుద్ధిగా కూర్చున్నాయి. 9, 17, 31 నంబర్లు మాత్రం పైన ఎక్కడో: 1.9, 2.3, 2.6. ఆ మూడూ లేకపోతే బొమ్మ ఎంత ముచ్చటగా ఉంటుందో నాకూ కనిపిస్తోంది. అప్పుడు పేపర్‌లో నూటికి నూరు శాతం అని రాసుకోవచ్చు. అవి ఉంటే 93 శాతం. నూరుకీ తొంభై మూడుకీ మధ్య ఏ జర్నల్‌లో పడుతుందన్న తేడా ఉందని నువ్వే చెప్పావు.

నీకు గుర్తుందో లేదో, ఏడో తరగతి సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు నీకు వదిలేసి లోపలికి వెళ్లింది. నీ గీత తిరిగి తిరిగి వచ్చేసరికి రెండు చుక్కలు బయటే మిగిలిపోయాయి. అటూ ఇటూ చూసి కాలి బొటనవేలితో ఆ రెండూ చెరిపేశావు. అమ్మమ్మ తలుపు సందులోంచి చూసింది. "చుక్కలు నేను లెక్కబెట్టే పెట్టిన. నీ గీతే యాడనో దారి తప్పింది, ఎనక్కి పోయి సూడు" అంది. నువ్వు అలిగి స్నానానికి పోయావు. ముగ్గు అమ్మమ్మే చీపురుతో ఊడ్చి మళ్లీ వేసింది. ఇదంతా రాత్రి రెండింటికి గుర్తొచ్చింది. ముసలితనం వస్తే ఇలాగే ఉంటుంది కాబోలు.

ఇక నా సంగతి. 1998. నువ్వు కడుపులో ఐదో నెల. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తున్నా. పేరు ఎందుకులే, ఆ కంపెనీ ఇప్పుడు ఆ పేరుతో లేదు. పిల్లల జ్వరం సిరప్ బ్యాచ్ ఒకటి వచ్చింది. సీసా మీద రాసిన దాంట్లో 95 శాతం నుంచి 105 శాతం లోపు మందు ఉండాలి. మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లో ఇంజెక్ట్ చేస్తే 93.8 వచ్చింది. నెలాఖరు, గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. మా మేనేజర్ చెడ్డవాడేం కాదు, నాకు కుర్చీ వేయించి, మధ్యాహ్నం పూట మజ్జిగ తెప్పించిన మనిషి. వచ్చి భుజం మీద నుంచి తొంగిచూసి, "కాలమ్ ఇంకా సెట్ అవలేదేమో, ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. 94.3. "శాంపిల్ సరిగ్గా కలవలేదేమో, మళ్లీ తయారుచెయ్." చేశాను. 95.1. "చూశావా" అన్నాడు.

రిజిస్టర్‌లో 95.1 అని రాసి సంతకం పెట్టాను. మొదటి రెండు కాగితాలూ మడిచి, టీ గ్లాసులు పడేసే డబ్బాలో వేశాను. అప్పట్లో ఆ మెషీన్ వేడికి నల్లబడే కాగితం మీద ప్రింటు ఇచ్చేది. దాచినా ఏడాదికి అక్షరాలు వెలిసిపోతాయి, ఇంకెందుకు దాచడం అనుకున్నట్టు గుర్తు. లారీ వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఆటోలో ఇంటికొస్తూ లెక్కేసుకున్నా: 1.2 శాతం తక్కువైతే ఏ పిల్లకీ ఏమీ కాదు. అది నిజమే, ఏమీ కాదు.

కానీ ఆ సాయంత్రం నేను అడగాల్సిన ప్రశ్న అది కాదు. మొదటి సీసాలో 93.8, మూడోసారి 95.1 ఎందుకొచ్చింది? మందు ట్యాంకులో సరిగ్గా కలవకపోతే అలా వస్తుంది. సరిగ్గా కలవకపోతే తక్కువున్న సీసా ఉన్నట్టే ఎక్కువున్న సీసా కూడా ఎక్కడో ఉంటుంది. అది ఏ సీసానో, ఏ ఊళ్లో ఏ పిల్ల నోట్లో పడిందో నాకు తెలియదు. నిజంగా కలవలేదా, నా పిపెట్ తప్పా అన్నది కూడా తెలియదు. తెలుసుకోగల రోజు ఒక్కటే ఉండింది, ఆ రోజు నేను మూడో కాగితం చూసి ఊపిరి పీల్చుకున్నా. తర్వాత నువ్వు పుట్టాక, నీకు జ్వరమొచ్చినప్పుడల్లా సిరప్ సీసాని ఎంతసేపు ఊపేదాన్నో మీ నాన్నని అడుగు. చాదస్తం అనేవాడు. కారణం ఆయనకీ చెప్పలేదు.

మందుల పరిశ్రమలో ఇప్పుడు ఇది పెద్ద తప్పు. 1993లోనే అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ అనే కంపెనీ మీద ప్రభుత్వం వేసిన కేసులో జడ్జి దీని మీద తీర్పు చెప్పాడు. ఫెయిలైన బ్యాచ్‌ని పాసయ్యేదాకా పరీక్షించుకుంటూ పోవడం కుదరదు, ముందు మొదటి ఫలితం ఎందుకలా వచ్చిందో వెతకాలి అన్నది దాని సారం. ఆ మాట జీడిమెట్ల దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది. వచ్చాక మాకు ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చెయ్యాలో రాసిన కాగితాలు), ఫారాలు, సంతకాలు బోలెడయ్యాయి. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కునేవాళ్లు. నేను విసుక్కోలేదు.

మళ్లీ పరీక్షించడమే తప్పని నేననట్లేదు. నీ ఫ్లోరైడ్ కథలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది, నీకు తెలిసే ఉంటుంది. అమెరికాలో కొన్ని ఊళ్లలో పిల్లల పళ్లు గోధుమరంగు చారలతో ఉండేవి. ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు 1901 నుంచి దాని వెంట పడ్డాడు. నీళ్లలోనే ఏదో ఉందని పట్టుకున్నాడు గానీ ఏమిటో తేలలేదు. ఆర్కన్సాలో బాక్సైట్ అనే ఊళ్లో కూడా అదే గొడవ. ఆ ఊరు ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీది. అప్పటికే అల్యూమినియం గిన్నెలు విషమని ప్రచారం ఒకటి నడుస్తోంది. పళ్ల మచ్చలు కూడా తమ నెత్తిన పడతాయేమోనని కంపెనీ కెమిస్టు చర్చిల్‌కి భయం. అందుకే ఆ ఊరి నీళ్లు తెప్పించి తన ల్యాబ్‌లో పరీక్షకిచ్చాడు. పది లక్షలకి 13.7 పాళ్లు ఫ్లోరైడ్ అని వచ్చింది.

ఆయన నమ్మలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఏమిటి, శాంపిల్ పాడుచేసుంటారు, ఇంకోటి తెప్పించండి అన్నాడట. తెప్పించారు. మళ్లీ అంతే వచ్చింది. అప్పుడు ఆయన పళ్ల మచ్చలున్న వేరే ఊళ్ల నీళ్లు కూడా తెప్పించి కొలిచి, 1931లో అచ్చు వేశాడు. చూడు, ఈయన ఉద్దేశం ఏమంత గొప్పది కాదు, కంపెనీ మీదికి రాకుండా చూసుకోవడమే. మొదటి రీడింగ్‌ని అనుమానించాడు కూడా, మా మేనేజర్ లాగే. అయితే రెండోసారి ఏం వచ్చినా దాన్ని ఒప్పుకోవడానికి సిద్ధపడి తెప్పించాడు. నేను 1998లో మూడోసారి ఇంజెక్ట్ చేసినప్పుడు 95 దాటకపోతే నాలుగోసారి చేసేదాన్ని, దాటింది కాబట్టి ఆపేశాను. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే పరికరం, అదే చెయ్యి.

మీ సార్ నీతో మిల్లికన్ గురించి అన్నాడని చెప్పావు కదా. ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచి 1923లో నోబెల్ తెచ్చుకున్నాయన కూడా చుక్కలు వదిలేశాడు, ఏమైంది అని. వదిలేసిన మాట నిజమే. అవి నూనె చుక్కలు. 1913 పేపర్‌లో 58 చుక్కల లెక్కలు ఇచ్చాడు. ఆయన నోట్‌బుక్కుల్లో ఇంకా పదుల సంఖ్యలో చుక్కల కొలతలున్నాయి. చాలావాటిని వదలడానికి కారణాలున్నాయనీ, అన్నీ కలిపినా జవాబు పెద్దగా మారదనీ తర్వాత లెక్కలేసి చూసినవాళ్లు అన్నారు. నాకు ఆయన వదిలెయ్యడం మీద కోపం లేదు. ఆ పేపర్‌లో ఆయన రాసిన ఒక్క వాక్యం మీదే నా అభ్యంతరం: ఇవి ఏరినవి కావు, 60 రోజుల పాటు వరసగా ప్రయోగం చేసిన చుక్కలన్నీ ఇవే అని. ఆ వాక్యం రాయకుండా ఉంటే ఇవాళ మీ సార్‌కి ఈ ఉదాహరణే దొరికేది కాదు.

ఆ కథకి ఇంకో తోక ఉంది, అది మీ సార్ చెప్పి ఉండడు. రిచర్డ్ ఫైన్‌మన్ అనే ఫిజిక్స్ ఆయన 1974లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ విద్యార్థులతో మాట్లాడుతూ చెప్పాడు. మిల్లికన్ గాలి చిక్కదనానికి తీసుకున్న అంకె కొంచెం తప్పు, దాంతో ఆయన జవాబు నిజానికంటే కాస్త తక్కువొచ్చింది. తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన జవాబుకి రాలేదు. ఒకరు కొంచెం పైకి, ఆ తర్వాతివాళ్లు ఇంకొంచెం పైకి. ఎందుకంటే మిల్లికన్ కంటే బాగా ఎక్కువొస్తే ఎక్కడో తప్పు చేశామని వెతికేవాళ్లు, వెతికితే ఏదో ఒక కారణం దొరికేది. దగ్గరగా వస్తే అంత వెతికేవాళ్లు కాదు. వీళ్లెవరూ దొంగలు కారు బిడ్డా. ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా వెతికారు, అంతే.

నీ గ్రాఫ్‌లో నన్ను రాత్రంతా పట్టుకున్నది ఇదే. ఆ మూడింటినీ మీరు అనుమానించారు. బాటిల్ సరిగ్గా కడిగారా, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ డ్రిఫ్ట్ అయ్యి రీడింగ్ పక్కకి జరిగిందా అని అన్నీ అడిగారు. మంచిదే. మరి ఆ 39నీ ఎవరైనా అనుమానించారా? నీ ఫిల్టర్ అల్యూమినాది. నీళ్లలోకి కొంచెం అల్యూమినియం దిగితే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని దాచేస్తుంది, ఎలక్ట్రోడ్‌కి కనబడనివ్వదు. కొలిచే ముందు నీళ్లలో కలిపే ఆ టిసాబ్ ద్రావణం సరిగ్గా, సరిపడా కలిపితేనే అది విడుదలయ్యి రీడింగ్ నిజంగా వస్తుంది. లేకపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అంటే నీ పద్ధతిలో తప్పు జరిగే అవకాశం ఉంటే అది కిందికి లాగే తప్పు. మీరు పైనున్న మూడింటిని పట్టుకుని కూర్చున్నారు. కిందున్నవాటిలో ఏ పదో తీసి టిసాబ్ మార్చి మళ్లీ చూడు. వాటిలో ఒకటి గీత దాటినా నాకు ఆశ్చర్యం ఉండదు.

"సైన్స్‌లో విలువలకి చోటు లేదు, డేటాకే చోటు" అని సార్ అన్నాడన్నావు. మన భాషలో చిక్కేమిటంటే రీడింగ్‌నీ విలువ అనే అంటాం, మనిషి గుణాన్నీ విలువే అంటాం. ఆయన మాటలో సగం ఒప్పుకుంటా. నీ ఫిల్టర్ పనిచెయ్యాలని నువ్వెంత కోరుకున్నా ఆ కోరిక చుక్క దగ్గరికి రాకూడదు. మంచి కోరికైనా సరే. ఊళ్లో పిల్లల నడుములు నిలబడాలనే కోరికైనా సరే. ఇంక మిగతా సగం ఒప్పుకోను, ఎందుకో చెప్తా.

నువ్వు గీసిన ఆ ఒక మిల్లీగ్రాము గీత ఎక్కడిది? తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. అందులో ఫ్లోరైడ్‌కి రెండు అంకెలుంటాయి. 1.0 దాకా పరవాలేదు. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1.5 అంటుంది, అది కూడా ఆ దేశపు ఎండ, అక్కడి మనుషులు తాగే నీళ్లు చూసుకుని మార్చుకోమంటుంది. "వేరే నీళ్లు దొరక్కపోతే" అన్నది ఏ ఎలక్ట్రోడ్ కొలిచి చెప్పింది? ఆ ఒక్క మాట రాయడానికి ఎవరో ఒక గదిలో కూర్చుని, దాహానికి చావడమా, పదేళ్లకి నడుము వంగడమా అని తూచి ఉంటారు. మే నెలలో మన నల్గొండ దిక్కు మర్రిగూడలో కూలికెళ్లినవాడు తాగే నీళ్లూ మీ ఏసీ ల్యాబ్‌లో నువ్వు తాగే నీళ్లూ ఒకటి కావు, అదీ అందులో ఉంది.

నేను ఉద్యోగం చివర్లో కొత్తవాళ్లకి ట్రైనింగ్ క్లాసులు చెప్పేటప్పుడు ఒక పాత వ్యాసం చదివాను. 1953లో రిచర్డ్ రడ్నర్ అనే తత్వశాస్త్రం ఆయన రాసింది. చిన్న వ్యాసం. ఒక మందులో విషపదార్థం ప్రాణం తీసేంత లేదు అని చెప్పడానికి చాలా గట్టి రుజువు అడుగుతాం. మెషీన్‌లో అచ్చొత్తిన బెల్టు బకిళ్లు బాగానే ఉన్నాయి అని చెప్పడానికి అంత రుజువు అడగం. రెండూ లెక్క ప్రకారం ఒకేలాంటి ప్రశ్నలు. తేడా ఎక్కడుందంటే, బకిల్ విరిగితే ప్యాంటు జారుతుంది. ఎంత రుజువు వస్తే చాలు అని తేల్చుకునే చోట, తప్పైతే ఎవరికి ఏమవుతుంది అన్న లెక్క ఉండే తీరుతుంది. క్లాసులో ఈ బకిల్ మాట చెప్తే పిల్లలు నవ్వేవాళ్లు. నేను నా 93.8 గురించి చెప్పేదాన్ని కాదు. చెప్పాల్సింది.

నీది బకిల్ కాదు. ఎవరి కోసమో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, పెద్దమామని చూస్తూ పెరిగావు. పిలిస్తే మెడ తిప్పలేడు, మనిషి మనిషంతా తిరుగుతాడు. మా చిన్నప్పుడు ఊరికి డాక్టర్లొచ్చి బడి వరండాలో అందర్నీ వరసగా నిలబెట్టారు. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నారు. గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. అన్నయ్యకి అప్పుడు ఇరవై రెండు. మొదటిది చెయ్యబోయి మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయాడు. వెనక ఎవరో నవ్వితే తనూ నవ్వాడు. మా నాన్న నవ్వలేదు, పక్కకెళ్లి బీడీ వెలిగించుకున్నాడు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బుని, ఫ్లోరోసిస్‌ని, 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, షార్ట్, పండిట్, రాఘవాచారి, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి రాశారు. అన్నయ్య వరండాలో వంగలేకపోయేనాటికి ఆ కాగితానికి నలభై ఏళ్లు దాటాయి.

ఇంకొకటి. మన తార్నాక ఎన్ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థ) కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేపర్ వేశారు. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి. అంతకుముందు పుస్తకాల్లో ఉన్న ఫ్లోరోసిస్ అలా ఉండదు, అందులో ఎముక గట్టిపడుతుంది. ఇక్కడ పలచబడుతోంది. పుస్తకంలో లేదు కాబట్టి ఇది వేరే జబ్బులే అని పక్కన పెట్టొచ్చు. వాళ్లు పెట్టలేదు. నీళ్లతో ఆగకుండా వాళ్లు తినే తిండి కూడా చూశారు. అన్నం తినేవాళ్లకంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని ఎన్ఐఎన్ పరిశోధనల్లోనే తర్వాత తేలింది. మా ఇంట్లో మూడు పూటలా జొన్నరొట్టే. పేదవాడి తిండి, పేదవాడి బావి కలిస్తే ఏమవుతుందో ఎవరో అడగాలనుకున్నారు కాబట్టి ఆ సంగతి తెలిసింది.

అందుకని నా అనుమానం చెప్తా, కెమిస్టుగా, అమ్మగా కాదు. 9, 17, 31 నీళ్ల ఆల్కలినిటీ, అంటే చవుడు గుణం, కాలమ్ తీసి చూడు. మన దిక్కు గ్రానైట్ రాళ్లలోంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నచోట బైకార్బొనేట్ కూడా ఎక్కువుంటుంది, కాల్షియం తక్కువుంటుంది. అల్యూమినా కొంచెం పులుపు నీళ్లలో బాగా పట్టుకుంటుంది, పీహెచ్ ఐదున్నర దగ్గర. చవుడు నీళ్లలో చతికిలబడుతుంది. ఆ మూడు ఊళ్ల నీళ్లూ చవుడు నీళ్లైతే, నీ ఫిల్టర్ ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చెయ్యదో చెప్పే గీత అక్కడుంది. నా అంచనా తప్పు కూడా కావచ్చు, నిజంగా ఎలక్ట్రోడ్డే మొరాయించిందేమో. అది కూడా చూస్తేనే కదా తెలిసేది. చూశాక కారణం దొరికితే, ఆ మూడూ ఎందుకు తీశావో రాసి తియ్యి, నేను అడ్డుపడను.

సార్ మీద కోపం పెంచుకోకు. ప్రాజెక్టు రిపోర్టు వచ్చే నెల ఇవ్వాలి, డబ్బు ఆగిపోతే ఇద్దరు పిల్లల ఫెలోషిప్ పోతుందని నువ్వే అన్నావు. ఆ టెన్షన్ నాకు తెలుసు, మా గేటు దగ్గర లారీ లాంటిదే. అందరి ముందూ మీటింగ్‌లో అడగొద్దు. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, పొద్దున పూట వెళ్లు. "తీయను" అనకు. "సార్, తీసే ముందు ఈ మూడింటి ఆల్కలినిటీ, ఆ పదింటి టిసాబ్ రిపీట్ చూస్తాను, వారం రోజులివ్వండి" అను. చాలామంది పెద్దవాళ్లు వద్దని చెప్పలేని పద్ధతిలో అడిగితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో నాకు ఇప్పుడు తెలియదు. ఆరు నెలలు వెనకబడొచ్చు. నీ పేపర్ వేరేవాళ్లకి వెళ్లొచ్చు. అలా ఏమీ జరగదని నేను చెప్పలేను. ఇంటి అద్దె గురించి మాత్రం బెంగ పెట్టుకోకు, మేమున్నాం. నీ నోట్‌బుక్‌లో మాత్రం ఆ మూడు అంకెలూ ఇంకుతో, తేదీతో ఉండాలి. ఎక్సెల్‌లో ఎవరైనా దాచెయ్యొచ్చు, నువ్వే మర్చిపోవచ్చు.

నన్ను చూసి నేర్చుకోమని రాయట్లేదు. నేను ఆ రోజు సంతకం పెట్టాను, తర్వాత పాతికేళ్లు జీతం తీసుకున్నాను, ఆ జీతంతోనే నువ్వు చదువుకున్నావు. ఆ కాగితాలు డబ్బాలో వేసిన చేతికి ఇప్పటికీ ఆ టీ తడి తెలుస్తుంది, అంతే.

చివరగా 17వ నంబరు. బాటిల్ మీద నీ చేతిరాత ఫోటోలో కనిపించింది: "17, బడి దగ్గర బోరు." మన ఊరిదే. భగీరథ నల్లా వచ్చాక అందరూ దాన్ని మర్చిపోయారనుకున్నా గానీ, నల్లా రాని రోజు ఇప్పటికీ ఆ బోరే గతి. ఎండాకాలం నువ్వు నీళ్లు పట్టుకుంటుంటే పక్కింటి అవ్వ వచ్చి "మా నీళ్లు మంచియేనా బిడ్డా?" అని అడిగిందనీ, "చూసి చెప్తా అవ్వా" అన్నావనీ వచ్చాక చెప్పావు.

ఇవాళ పొద్దున పెద్దమామ ఫోన్ చేశాడు. "పిల్ల నీళ్లు తీస్కపోయింది గదా, ఏమన్న తేలిందా?" అన్నాడు. "ఇంకా రాలేదన్నా" అన్నాను. అదీ అబద్ధమే, మీ షీట్‌లో ఫిల్టర్ చెయ్యకముందు అంకె 5.1 అని నేను చూశాను. రేపు నువ్వే చెయ్యి. పేపర్ సంగతి తర్వాత, ముందు ఆ బోరు నీళ్లు వంటకి కూడా వాడొద్దనీ, అవ్వకి కూడా చెప్పమనీ చెప్పు. పొద్దున ఏడులోపు చెయ్యాలి. తర్వాత ఆయన హోటల్ కాడికి చాయ్‌కి పోతాడు, ఫోన్ ఇంట్లోనే పెట్టి.

మీ
అమ్మ